చిన్న పత్తి రైతులు కలిసి సేంద్రియ సర్టిఫికెట్ తెచ్చుకోవడం ఎలా: విత్తనం నుంచి బేలు దాకా

"మేం మందులు కొట్టడం ఎప్పుడో మానేశాం. అయినా మిల్లు దగ్గర మా పత్తికీ పక్కవాళ్ల పత్తికీ ఒకటే రేటు. సేంద్రియ పత్తిగా అమ్మాలంటే ఏం చేయాలి?" ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది, కొందరైతే కోపంగానే అడుగుతారు. కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ కొనేవాడికి మీ చేను కనపడదు, కాగితం మాత్రమే కనపడుతుంది. రెండెకరాల రైతు ఒక్కడే ఆ కాగితం తెచ్చుకోవాలంటే వచ్చే లాభం ఫీజులకే సరిపోదు. అందుకే గ్రూపు.

మన దేశంలో ఎగుమతికి, పెద్ద బ్రాండ్లకు పనికొచ్చేది 2001లో మొదలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం, అంటే ఎన్‌పీవోపీ. దాన్ని చూసుకునేది అపెడా, అంటే కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ ఎగుమతుల సంస్థ. ఈ పద్ధతిలో గ్రూపుగా ఎలా వెళ్లాలో చెబుతాను. ఒక మాట ముందే: మందులు కొట్టకపోవడం ఇందులో సగం పని కూడా కాదు. సర్టిఫికెట్ పోయేది ఎక్కువగా విత్తనం దగ్గర, సంచి దగ్గర, జిన్నింగ్ మిల్లు దగ్గర.

మొదలుపెట్టే ముందు ఉండాల్సినవి

- కనీసం 25 మంది రైతులు, పక్కపక్క ఊళ్లవాళ్లు. ఒక గ్రూపులో 500 మందికి మించకూడదు.
- గ్రూపుకు చట్టపరమైన రిజిస్ట్రేషన్. రైతు ఉత్పత్తిదారుల సంస్థో, సహకార సంఘమో ఏదైనా సరే. 2025 జనవరిలో వచ్చిన ఎనిమిదో ఎడిషన్ నిబంధనల తర్వాత నోటిమాట గ్రూపులు నడవవు.
- ప్రతి రైతు పాసుపుస్తకం, సర్వే నంబర్, ఆధార్ కాపీలు. కౌలు రైతులైతే కౌలు కాగితం.
- రాయగలిగిన, ఊళ్లో తిరగగలిగిన ఒకరిద్దరు యువకులో, యువతులో. జీతం ఇవ్వాల్సిందే. ఉచితంగా చేస్తానన్నవాళ్లు మొదటి తీత నాటికే కనపడకుండా పోతారు.
- ఎరువుల సంచులు, పురుగుమందు డబ్బాలు ఎప్పుడూ పెట్టని ఒక గది లేదా షెడ్డు.
- రెండేళ్లు అదనపు ధర రాకపోయినా తట్టుకునే ఓపిక, కాస్త డబ్బు.

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పత్తి లాంటి ఏడాది పంటకు మార్పిడి కాలం, అంటే రసాయనాల సాగు నుంచి సేంద్రియానికి మారే గడువు, రెండేళ్లు. దాన్ని మీరు మందులు మానేసిన రోజు నుంచి కాదు, మామూలుగా సర్టిఫికేషన్ సంస్థ దగ్గర నమోదైన రోజు నుంచి లెక్కేస్తారు. పాత రికార్డులు గట్టిగా ఉంటే కొంత తగ్గించే వీలుంది, కానీ అది సంస్థ నిర్ణయం. దాన్ని నమ్ముకుని లెక్కలు వేసుకోకండి.

1. విత్తనం కన్నా ముందు కొనేవాణ్ని వెతకండి

అందరూ దీన్ని ఆఖర్న చేస్తారు. సర్టిఫికెట్ వచ్చాక కొనేవాళ్లే వస్తారనుకుంటారు. ఎవరూ రారు.

ఎంత సరుకు ఇవ్వగలరో ముందు లెక్క వేసుకోండి. క్వింటా పత్తిని జిన్నింగ్ చేస్తే సుమారు 34 కిలోల దూది వస్తుంది. ఒక బేలు 170 కిలోలు, అంటే బేలుకు దాదాపు 5 క్వింటాళ్ల పత్తి కావాలి. 25 మంది, తలా రెండెకరాలు, ఎకరాకు నాలుగు క్వింటాళ్లు అనుకుంటే 200 క్వింటాళ్లు, అంటే 40 బేళ్లు. దూది వ్యాపారంలో 100 బేళ్లను ఒక లాట్‌గా చూస్తారు. 40 బేళ్ల కోసం స్పిన్నింగ్ మిల్లు తన మిషన్లు శుభ్రం చేయించి విడిగా నడపదు. కాబట్టి ఇంకో గ్రూపుతో కలవాలి, లేదా ఇప్పటికే సేంద్రియ పత్తి కొంటున్న సంస్థ ద్వారా వెళ్లాలి. ఉమ్మడి ఆదిలాబాద్ ప్రాంతంలో చేత్నా ఆర్గానిక్ లాంటివి చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాయి.

కొనేవాళ్లను అడగాల్సినవి నాలుగు: ఏ పింజ (దూది పోగు) పొడవు కావాలి, మార్పిడి కాలం పత్తి తీసుకుంటారా, అదనపు ధర దేని మీద కడతారు (ఆ రోజు మార్కెట్ రేటు మీదా, మద్దతు ధర మీదా), డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు. జవాబులు కాగితం మీద తీసుకోండి. "చూద్దాం లెండి" అంటే ఆ ఏడాదికి అది లేదనే అర్థం.

కొనేది దగ్గర్లోని చేనేత సంఘమో, ఖాదీ సంస్థో అయితే ఎన్‌పీవోపీ అక్కర్లేకపోవచ్చు. పీజీఎస్ ఇండియా పద్ధతిలో ఐదుగురు రైతులు చాలు, ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు, ఖర్చు చాలా తక్కువ. ఎగుమతి బ్రాండ్లకు మాత్రం అది సరిపోదు. ఆంధ్రలో ప్రకృతి వ్యవసాయం కింద నమోదైనవాళ్లకూ ఇదే మాట: ఆ నమోదు మంచి పునాదే, కానీ దానంతట అదే ఎన్‌పీవోపీ సర్టిఫికెట్ అయిపోదు.

2. సభ్యుల్ని ఏరుకోండి

ఒక్కరు దొంగచాటుగా మందు కొట్టి దొరికితే గ్రూపు మొత్తం సర్టిఫికెట్‌కు ముప్పు. అందుకే మొహమాటానికి ఎవర్నీ చేర్చుకోవద్దు. బావమరిది అయినా సరే.

ప్రతి రైతుతో ఒప్పంద పత్రం రాయించుకోండి: నిషేధించినవి వాడను, తనిఖీకి ఎప్పుడైనా ఒప్పుకుంటాను, ఒక చేలో సేంద్రియం, ఇంకో చేలో బీటీ పత్తి పెట్టను, నా పత్తి గ్రూపుకే ఇస్తాను. నాలుగు హెక్టార్లు, అంటే సుమారు పదెకరాలు దాటిన రైతు ఉంటే దరఖాస్తుకు ముందే సంస్థకు చెప్పండి. అలాంటివాళ్లకు తనిఖీ నిబంధనలు వేరుగా ఉంటాయి.

కౌలు రైతుల విషయం తెగని చిక్కు. ఏడాది కౌలుతో మూడేళ్ల పని సాగదు. భూమి యజమానితో కనీసం మూడేళ్ల కాగితం రాయించగలిగితేనే చేర్చుకోండి. లేకపోతే భూమి శుభ్రం చేసేది కౌలుదారు, ధర వచ్చే ఏడాది పొలం లాక్కునేది యజమాని.

3. సర్టిఫికేషన్ సంస్థను ఎంచుకోండి

అపెడా గుర్తించిన సంస్థల జాబితా దాని వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ప్రైవేటు సంస్థలున్నాయి, రాష్ట్ర ప్రభుత్వాల ఆధ్వర్యంలో నడిచేవీ ఉన్నాయి. ఫీజులు అడిగేటప్పుడు ఏడాది ఫీజు ఒక్కటే అడక్కండి. ఇన్‌స్పెక్టర్ ప్రయాణం, బస, శాంపిల్ పరీక్షలు, ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ (సరుకు అమ్మిన ప్రతిసారీ తీసుకునే పత్రం) రుసుము కలిపి మొత్తం ఎంతవుతుందో రాతపూర్వకంగా తీసుకోండి. సంస్థ మీద ఆంక్షలు ఏమైనా ఉన్నాయేమో కొనేవాణ్ని అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాడు, ఎందుకంటే అతని సరుకూ ఆగిపోతుంది.

4. విత్తనం: ఇక్కడే సగం గ్రూపులు ఓడిపోతాయి

సేంద్రియ పత్తిలో జన్యుమార్పిడి విత్తనానికి చోటు లేదు. మన దగ్గర 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక దుకాణంలో నాన్ బీటీ విత్తనం దొరకడమే గగనమైపోయింది. అందుకని మార్చిలోనే వెతకడం మొదలుపెట్టండి. జూన్‌లో తొలకరి పడ్డాక వెతికితే దొరికేది బీటీ ప్యాకెట్టే.

అడగాల్సిన చోట్లు: నాగపూర్‌లోని కేంద్రీయ పత్తి పరిశోధన సంస్థ, నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, వ్యవసాయ విశ్వవిద్యాలయాల విత్తన విభాగాలు, పాత సేంద్రియ గ్రూపులు. నాగపూర్ వాళ్ల సూరజ్, నంద్యాల నరసింహ లాంటివి సూటి రకాలు. హైబ్రిడ్‌లా కాకుండా వీటి గింజ దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు. దేశవాళీ పత్తి వేసేవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. దాని క్రోమోజోములు 26, బీటీ హైబ్రిడ్లవి 52. పక్క చేలో బీటీ ఉన్నా వాటి పుప్పొడితో ఇది మామూలుగా సంకరం కాదు. కాకపోతే దేశవాళీ పింజ చాలా రకాల్లో పొట్టిది, మీ కొనుగోలుదారు ఒప్పుకుంటాడో లేదో ముందు తేల్చుకోండి.

మూడు హెచ్చరికలు.

రంగు పూసిన గింజలు వద్దు. చాలా ప్యాకెట్లలో విత్తనానికి ముందే పురుగుమందు పట్టించి ఉంటుంది. నాన్ బీటీ అయినా సరే, అది పనికిరాదు.

బీటీతో ఇచ్చే రెఫ్యూజీ గింజల్ని (పురుగు బీటీకి అలవాటు పడకుండా కలిపి వేయమనే గింజలు) నాన్ బీటీగా వాడుకుందామనే ఆలోచన మానుకోండి. ఇప్పుడవి ప్యాకెట్‌లోనే బీటీ గింజలతో కలిసి వస్తున్నాయి.

"కలుపు మందు తట్టుకునే పత్తి" అంటూ బిల్లు లేకుండా అమ్మేది అసలు చట్టవిరుద్ధం. దాని జోలికే వెళ్లొద్దు.

*ఎలా చెక్ చేయాలి?* బీటీ గుర్తించే స్ట్రిప్పులు దొరుకుతాయి. గింజనో, లేత ఆకునో ఇచ్చిన ద్రావణంలో నలిపి స్ట్రిప్ ముంచితే కాసేపట్లో గీతలు పడతాయి. ఒక్క కంట్రోల్ గీతే వస్తే మంచిది, దానితో పాటు ఇంకో గీత వస్తే బీటీ ప్రొటీన్ ఉన్నట్టు. అసలు ఏ గీతా రాకపోతే స్ట్రిప్ చెడిపోయింది, మళ్లీ చేయండి. కొనే ముందు ప్రతి బస్తా నుంచి కొన్ని గింజలు, మొలిచాక ప్రతి చేలో నాలుగు మూలలా, నడిమధ్యన ఆకులు చూడండి. ఒక గింజ బాగుందని బస్తా అంతా బాగున్నట్టు కాదు. స్ట్రిప్ ప్రొటీన్‌ను మాత్రమే పడుతుంది, కాబట్టి దూది మీద పనిచేయదు. దూదికి ల్యాబ్‌లో డీఎన్‌ఏ పరీక్ష చేస్తారు, కొనేవాళ్లు ఐడబ్ల్యూఏ 32 పద్ధతి అని అడిగేది అదే. ఆ రిపోర్టు చెడితే అప్పుడు చేసేదేమీ ఉండదు. అందుకే చేలో ఉండగానే తేల్చుకోవాలి.

వచ్చే ఏటి విత్తనానికి చేను మధ్యలో ఒక ముక్క కేటాయించి, దాని చుట్టూ కనీసం 30 మీటర్ల దూరంలో వేరే పత్తి లేకుండా చూడండి. సర్టిఫైడ్ పత్తి విత్తన పొలాలకు పెట్టే దూరం అదే. తేనెటీగలకు గట్లు తెలియవు కాబట్టి ఎక్కువ ఉంటే ఇంకా మంచిది.

5. గట్లు

పక్క రైతు మందు కొడితే గాలికి మీ చేలో పడుతుంది. సరిహద్దున జొన్న గానీ, కంది గానీ ఒత్తుగా నాలుగైదు సాళ్లు వేయండి. ఆ వైపు అంచు పత్తిని వేరే సంచిలో తీసి మామూలు పత్తిగా అమ్మేయండి, డైరీలో రాయండి. పక్క చేను నీళ్లు మీ చేలోకి దిగుతుంటే చిన్న కాలువ తవ్వి మళ్లించాలి. పక్క రైతుతో ఒకసారి కూర్చుని మాట్లాడుకోవడం అన్నిటికన్నా చవక: ఏ రోజు కొడతాడో చెబితే చాలు.

6. పురుగు

దీని మీద పుస్తకాలే ఉన్నాయి కాబట్టి క్లుప్తంగా. రసం పీల్చే పురుగులకు పసుపు రంగు జిగురు అట్టలు, వేప గింజల కషాయం. గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టలు, గుడ్డిపూలు (పురుగు పట్టి విచ్చుకోని పూలు) ఏరి నాశనం చేయడం, అన్నిటికీ మించి డిసెంబరు, జనవరి కల్లా పంట ముగించి కట్టె తీసేయడం. ఆఖరి నాలుగు కాయల కోసం మార్చి దాకా ఉంచితే వచ్చే ఏటికి పురుగును పెంచి పెట్టినట్టే.

నాకు అన్నిటికన్నా భయం "బయో" సీసాలంటే. పొద్దున కొడితే సాయంత్రానికి పురుగు రాలిపోయే బయో మందులో రసాయనం కలిపి ఉండే అవకాశమే ఎక్కువ. అవశేషాల పరీక్షలో అది పట్టుబడితే "దుకాణంవాడు బయో అన్నాడు" అనే మాట చెల్లదు. సేంద్రియ వాడకానికి అనుమతి ఉన్నట్టు లేబుల్ మీద సర్టిఫికెట్ లేని ఏ సీసానూ కొనొద్దు. అనుమానం ఉంటే కొట్టే ముందు సర్టిఫికేషన్ సంస్థకు ఫొటో పంపి అడగండి.

7. డైరీ, లోపలి తనిఖీ

ప్రతి రైతుకూ ఒక డైరీ. ఏ రోజు ఏం విత్తారు, ఏం వేశారు, ఎంత, ఎక్కడ కొన్నారు, బిల్లు ఎక్కడుంది. చేను బొమ్మ ఒకటి గీయాలి: నాలుగు దిక్కులా ఎవరి చేలు, వాటిలో ఏ పంట, నీళ్లు ఎటు నుంచి వస్తాయి.

గ్రూపు తరఫు తనిఖీదారు ప్రతి చేనుకూ ఏడాదికి కనీసం రెండుసార్లు వెళ్లాలి, అందులో ఒకటి పంట నిలిచి ఉన్నప్పుడు. తనిఖీదారు తన సొంత చేనును, తన అన్నదమ్ముల చేలను తానే చూడకూడదు. బయటి సంస్థ ఇన్‌స్పెక్టర్ అందరి చేలకూ రాడు, కొందరిని ఎంచి చూస్తాడు. ఎవర్ని ఎంచుతాడో మీకు ముందే తెలియదు.

అన్ని డైరీలూ ఒకే చేతిరాతతో, ఒకే రంగు ఇంకుతో, తనిఖీకి ముందు రాత్రి రాసినట్టు ఉండటం ఇన్‌స్పెక్టర్లు ఇట్టే పట్టే తప్పు. వంద మంది రైతులు ఒకే రోజు విత్తినట్టు, ఒకే మోతాదు కషాయం కొట్టినట్టు రాసి ఉంటే ఎవరూ నమ్మరు. రైతుకు రాయడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలతో వారానికోసారి రాయించండి. ఫోన్లో మాట రికార్డు చేసి గ్రూపుకు పంపినా సరే, దాన్ని ఆ వారమే పుస్తకంలోకి ఎక్కించాలి.

తప్పు దొరికితే దాచొద్దు. ఆ రైతును ఆ ఏడాదికి పక్కన పెట్టి, ఎందుకు పెట్టారో రాయండి. ఒక్క తప్పూ నమోదు కాని రిజిస్టర్ కన్నా, నాలుగు తప్పులు పట్టుకుని చర్య తీసుకున్న రిజిస్టర్‌కే విలువ.

8. తీతకు ముందు దిగుబడి అంచనా

చేలో మూడు నాలుగు చోట్ల 4 మీటర్లు, 5 మీటర్ల గడులు గుర్తు పెట్టండి. ఒక్కో గడి 20 చదరపు మీటర్లు, ఎకరాకు అలాంటివి సుమారు 200. గడిలో కాయలు లెక్కపెట్టండి. ఉదాహరణకు సగటున 600 కాయలు, కాయకు మూడున్నర గ్రాముల పత్తి అనుకుంటే గడికి 2.1 కిలోలు, ఎకరాకు 420 కిలోలు. దేశవాళీ కాయ ఇంకా చిన్నది, నాలుగు కాయలు తూచి సగటు తీసుకోండి.

రైతు నాలుగు క్వింటాళ్ల అంచనా ఉన్న చేను నుంచి ఏడు క్వింటాళ్లు తెస్తే మిగతాది ఎక్కడిదో మీకు తెలిసిపోతుంది. 2020లో మన దేశంలో దొంగ సర్టిఫికెట్లతో సుమారు 20,000 టన్నుల పత్తి సేంద్రియంగా చెలామణి అయినట్టు సేంద్రియ బట్టల అంతర్జాతీయ ప్రమాణాన్ని నడిపే జీవోటీఎస్ సంస్థ బయటపెట్టింది. కొనేవాళ్ల అనుమానాలు పెరిగాయంటే కారణం లేకపోలేదు. మీ అంచనా పుస్తకమే మీకు రక్షణ.

9. తీత, సంచి, గది

మంచు ఆరాక తీయండి. బాగా విచ్చిన కాయలే తీయాలి, కింది కొమ్మల నుంచి పైకి వెళితే రాలిన ఆకు పత్తిలో పడదు. మొదటి తీతలు, ఆఖరి తీత కలపొద్దు.

యూరియా సంచి వాడితే అంతటితో సరి. ప్లాస్టిక్ పోగు దూదిలో కలిస్తే దారంలోకి పోతుంది, రంగు వేసినప్పుడు బట్ట మీద మచ్చగా తేలుతుంది. ఎరువు అవశేషం సంగతి సరేసరి. గ్రూపు డబ్బుతో నూలు గుడ్డ సంచులు కుట్టించి ఇవ్వండి, మూతి నూలు దారంతోనే కట్టాలి. ఏరేవాళ్లు తలకు గుడ్డ కట్టుకుంటే వెంట్రుకలు పడవు. ఆ గుడ్డలు కూడా గ్రూపే ఇవ్వాలి, వాళ్ల కూలిలోంచి కోయకూడదు. పిల్లల్ని తీతకు పెట్టారని తేలితే చాలామంది కొనుగోలుదారులు మీతో వ్యాపారం మానేస్తారు. అది సబబే కూడా.

*తేమ చూడటం:* మీటరు ఉంటే 8 శాతం దగ్గర ఉండాలి, 12 దాటితే ఎవరికీ అక్కర్లేదు. మీటరు లేకపోతే గింజ పంటి కింద పెట్టి కొరకండి. ఫట్‌మని పగిలితే ఆరినట్టు, మెత్తగా నొక్కుకుంటే ఇంకో ఎండ కావాలి. నీళ్లు చల్లి బరువు పెంచుదామనుకునేవాళ్లకు చెప్పేదేమీ లేదు.

గదిలో ఒక్కో రైతు సరుకుకు చీటీ: పేరు, గ్రూపు నంబర్, ఏ తీత, తేదీ, బరువు. మార్పిడి కాలం పత్తిని వేరే మూలన పెట్టి వేరే రంగు చీటీ కట్టండి.

10. జిన్నింగ్ మిల్లు

గింజ తీయని పత్తి దాకా ఎన్‌పీవోపీ. జిన్నింగ్ నుంచి బట్ట దాకా జీవోటీఎస్ లేదా ఓసీఎస్ అనే అంతర్జాతీయ ప్రమాణాలు చూస్తాయి. మిల్లుకు ఆ సర్టిఫికెట్ లేకపోతే మీ రెండేళ్ల కష్టం గేటు దగ్గరే ముగుస్తుంది. సర్టిఫికెట్ గడువు తేదీ మీ కళ్లతో చూడండి.

మీ సరుకు నడిపే రోజు గ్రూపు మనిషి ఒకరు మిల్లులోనే ఉండాలి. మిషన్లు, పైపులు, ప్రెస్సు ఊడ్పించండి. అయినా లోపల పాత దూది మిగులుతుంది, అందుకే మొదట పడ్డ దూదిని మామూలు బేలుగా పక్కన పెట్టించండి. నష్టం అనిపిస్తుంది కానీ డీఎన్‌ఏ పరీక్షలో మొత్తం లాట్ పోవడం కన్నా మేలు. ప్రతి బేలు నంబర్, బరువు రాసుకోండి.

*లెక్క సరిచూడటం:* 100 క్వింటాళ్ల పత్తికి దూది 34 క్వింటాళ్ల దగ్గర, గింజ 62 నుంచి 64 దగ్గర, మిగతాది చెత్త, తరుగు. దూది 30కి పడిపోతే మిల్లులో ఏదో జరిగింది, లేదా పత్తి తడిగా వెళ్లింది. 40 వస్తే సంబరపడకండి, వేరేవాళ్ల పత్తి కలిసినట్టే. గింజల డబ్బును మర్చిపోయే గ్రూపులు చాలా ఉన్నాయి. బరువులో దాదాపు మూడింట రెండు వంతులు గింజే. విత్తనానికి కేటాయించిన పత్తిని మాత్రం పెద్ద మిల్లులో వేయకండి, విడిగా చిన్న మిషన్ మీద గింజ తీయించుకోండి.

11. ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్

సరుకు అమ్మిన ప్రతిసారీ ఇది కావాలి. అపెడా ఆన్‌లైన్ వ్యవస్థ ట్రేస్‌నెట్‌లో మీ గ్రూపు ఖాతాలో ఉన్న పరిమాణం నుంచి అమ్మిన బరువు తగ్గుతుంది, సర్టిఫికేషన్ సంస్థ పత్రం ఇస్తుంది. బిల్లు, కాటా చీటీ, లారీ నంబర్, కొనుగోలు రిజిస్టర్ నాలుగింట్లోనూ బరువు ఒకటే ఉండాలి. దరఖాస్తు ఆగిపోయేది ఎక్కువగా ఈ తేడాల వల్లే. గ్రూపు లాగిన్ పాస్‌వర్డ్ దళారి చేతిలోనో, కన్సల్టెంట్ చేతిలోనో పెట్టకండి. మీ పేరు మీద ఎవరి పత్తి అమ్ముడైందో మీకు తెలియకుండా పోతుంది.

మధ్యలో దారి మూసుకుపోతే

కొనేవాడు చేతులెత్తేస్తే ఆ ఏటి పత్తిని సీసీఐకి (కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) మద్దతు ధరకు అమ్ముకోవచ్చు. 2025-26లో పొడవు పింజకు క్వింటాకు 8,110 రూపాయలు, మధ్యస్థ పింజకు 7,710. ఆ సీజన్ నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో ముందుగా నమోదై స్లాట్ తీసుకోవాలి. కాబట్టి సేంద్రియ కొనుగోలుదారు ఉన్నా సరే, ప్రతి సభ్యుడి చేతా ఆ నమోదు చేయించి పెట్టండి.

నాన్ బీటీ విత్తనం దొరక్కపోతేనో, దిగుబడి భయంతో సభ్యులు బీటీ వదలలేకపోతేనో బెటర్ కాటన్ కార్యక్రమం ఒక దారి. అందులో బీటీకి నిషేధం లేదు. మందులు, నీళ్లు తగ్గించడం, కూలీల హక్కులు, రికార్డులు చూస్తారు. సేంద్రియానికి వచ్చేంత అదనపు ధర ఆశించకండి, మందుల ఖర్చు తగ్గడమే అక్కడ అసలు లాభం. రెండు పద్ధతులూ ఒకే గ్రూపులో, ఒకే గదిలో నడపాలనుకుంటే మాత్రం వద్దు. చీటీలు ఎన్ని రంగుల్లో కట్టినా సంచులు కలిసిపోతాయి.